రెండు పాపల మధ్య

బ్రాడీపేటలో కళ్ళజోళ్ళ కొట్టు.
అందులో నా పని ఇంతే:
ప్లాస్టిక్ స్కేలు ముక్కు దూలానికి ఆనించి
"నా ఎడమ కన్ను చూడండి" అంటాను,
"ఇప్పుడు కుడి కన్ను" అంటాను.
కంటిపాపకూ కంటిపాపకూ మధ్య ఎన్ని మిల్లీమీటర్లో
చీటీ మీద రాసి లోపలికి పంపుతాను.
పరాయి మనుషుల్ని ఇంత దగ్గరగా చూసేది
మంగలి తర్వాత నేనే.
వక్కపొడి వాసన, నిద్రలేని ఎరుపు,
ఏడ్చొచ్చి "దుమ్ము పడింద"నేవాళ్ళు,
అన్నీ తెలుస్తాయి.
పేర్లే గుర్తుండవు.

పోయిన చలికాలం
మెడికల్ కాలేజీ నుంచి డాక్టరమ్మొకావిడ వచ్చింది,
కందిమళ్ళ హరిణాక్షి.
చేతిలో పీతడెక్కల్లాంటి స్టీలు కాలిపర్.
వెయ్యి మొహాలు కావాలంది.
పుస్తకంలో అంకెలన్నీ
ఎక్కడో చలిదేశపు సిపాయిలవట,
మన మొహాలకు మన లెక్క ఉండాలట.
నాకా మాట నచ్చింది.
మా కొట్లో ఫ్రేములన్నీ ఎవరి ముక్కు కోసమో పుట్టినవే.
జారీ జారీ
సగం గుంటూరు తల వెనక్కి వాల్చి పేపరు చదువుతుంది.

ఆవిడ కాగితం నిండా గడులు.
ఏ జాతి, ఏ తెగ, ఏ ప్రాంతం.
చివరి గడి పేరు "ఇతరులు".

లాడ్జి సెంటర్లో స్వెట్టర్లమ్మే పెమా
కంటి లోపలి కొస దగ్గర సన్నని మడత.
డాక్టరమ్మ అక్కడే మూడుసార్లు కొలిచింది.
"నవ్వితే అద్దాలు చెంపలెక్కి పైకి లేస్తాయి,
నవ్వకుండా స్వెట్టర్ అమ్మేదెట్లా?
ముందు దానికి మందు చెప్పండి" అంది పెమా.

మిర్చి యార్డు హమాలీ రమావత్ సోమ్లా
రెండు కళ్ళూ మంటతో తెరవలేక తెరిచి అడిగాడు:
"బస్తాకైతే తరుగు తీస్తారు.
మొహానికీ తీస్తారా?"

దుర్గి నుంచి రాతిపని ముసలాయన వచ్చాడు,
కాలిపర్ పక్కకు నెట్టి
బొటనవేలు అడ్డంగా పెట్టి చూపించాడు:
"కంటికీ కంటికీ మధ్య ఇంకో కన్ను పట్టాలి,
అంతే శాస్త్రం."
కొలిస్తే ఆయన మొహంలో
ఆ మూడో కంటికి చోటు చాల్లేదు.
పకపకా నవ్వాడు:
"నన్ను చెక్కిననాడు వాడింకా పని నేర్చుకుంటున్నాడు!"

కాలేషావలి మాత్రం నవ్వలేదు.
"అమ్మ తండా పిల్ల, నాయన నమాజు మనిషి.
నన్నెక్కడ పెడతావమ్మా?"
డాక్టరమ్మ పెన్ను మూత కాసేపు నమిలి
ఇతరుల్లో పెట్టింది.
ఆ సాయంత్రం లెక్క చూస్తే
అన్నిటికంటే ఆ గడే నిండింది.

ఇంకో సంగతి.
పట్నంబజారు కవలపిల్లలొచ్చారు,
ఒకే రిబ్బను, ఒకే గౌను, ఒకే దగ్గు.
ఒకదానికి యాభై ఎనిమిది, ఇంకోదానికి అరవై ఒకటి.
వాళ్ళమ్మ నామీద లేచింది,
"ఇద్దరూ ఒక్కటే, సరిగ్గా చూడు!"
మళ్ళీ చూశాను.
ఒకే కడుపులో చోటు పంచుకున్న
రెండు పాపల మధ్య
మూడు మిల్లీమీటర్లు.
డాక్టరమ్మ పుస్తకంలో
జాతికీ జాతికీ అంత తేడా రాలేదప్పటికి.

వెయ్యికి ఒకటి తక్కువైంది.
"మీరు కూర్చోండి" అంది నన్ను.
ముప్పై ఏళ్ళుగా ఊరినంతా కొలిచాను గానీ
నా కొలత నాకు తెలీదు.
నా స్కేలే నా ముక్కు మీదికొచ్చింది, చల్లగా.
"నా ఎడమ కన్ను చూడండి."
ఎటు చూడాలో తెలియక కంగారుపడ్డాను.
"అరవై రెండున్నర" అంది.
తర్వాత, మామూలుగానే,
కాగితం మీదికి వంగి,
"మీ ఇంటిపేరు?"

ఈ ఊళ్ళో ఆ ప్రశ్న
ఆ స్టీలు డెక్కల కంటే పాతది.
దానికి మొహం అక్కర్లేదు,
వెలుతురక్కర్లేదు,
ఫోన్లో కూడా కొలిచేస్తారు.

నేను పలకలేదు.
ఆవిడ తలెత్తింది. చెవులు ఎర్రబడ్డాయి.
పెన్ను గడుల మీద ఆగి ఉంది.

గుమ్మంలో ఎవరో
జారిపోయే కళ్ళజోడు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.
ముక్కు ఆకులు కాస్త లోపలికి వంచితే చాలు,
దానికి డబ్బులు తీసుకోం.
లేచాను.